రెండువందల పదిహేడో వరస

అయిదో ఏడు.
ఫెలోషిప్పు మార్చితో ఆగింది.
పెదకాకాని దాటాక బస్సు కిటికీలోంచి
యూనివర్సిటీ గేటు కనబడితే చాలు
కడుపులో ఏదో జారుతుంది,
టెన్త్ హాల్‌టికెట్ మర్చిపోయిన రోజులాగా.

నాలుగువందల పన్నెండు మంది ఆడవాళ్లు
నా లాప్‌టాప్‌లో వరసలుగా కూర్చుని ఉంటారు,
మిర్చి యార్డులో గోతాల పక్కన కూర్చున్నట్టే.
వయసు, ఎత్తు, తొడిమలు తీసిన ఏళ్లు,
ఒక్క సెకనులో ఛాతీ వదిలిన గాలి, లీటర్లలో.
కిలోకి ఎంత ఇస్తారన్న గడి ఒకటి పెట్టాను.
అనవసరం అన్నారు గైడు గారు.
తీసేశాను.

ముప్పై ఏడు గడులు ఖాళీ.
"సగటు పెట్టి పూడ్చెయ్యమ్మా,
గోడకి మేకు చిల్లు పడితే సున్నం పూయమూ?"
మంచివారే. టీ కూడా ఆయనే తెప్పించారు.

పూడ్చాను.
పి విలువ సున్నా పాయింట్ రెండు మూడు.
అంటే మిరప ఘాటుకీ మనిషి ఊపిరికీ
చెప్పుకోదగ్గ తగువేమీ లేదని.
ఆ వాక్యం టైపు చేస్తూ మూడుసార్లు తుమ్మాను.
యార్డుకి వేసుకెళ్లిన చున్నీ
ఇంకా కుర్చీ మీదే ఉంది.

రెండువందల పదిహేడు.
షేక్ మస్తాన్‌బీ, నలభై మూడు.
మొదటిసారి గొట్టం నోట్లో పెట్టుకుంటే
ఊదమ్మా ఊదు ఊదు ఊదు ఇంకా ఊదు అని నేను అరిచాను.
నవ్వొచ్చి గాలంతా పక్కకి పోయింది.
"పొయ్యి ఊదేటప్పుడు మా అత్త కూడా
ఇంత అరవలేదు తల్లీ."
ఆర్నెల్లకి వచ్చింది. ఏడాదికి వచ్చింది.
ఏడాదిన్నరకి రాలేదు. ఫోను స్విచ్చాఫ్.

అటువంటి మనిషికి మా శాస్త్రంలో సున్నా వేస్తాం.
జబ్బు పడిందనీ తెలీదు, పడలేదనీ తెలీదు.
గీత మెట్లు మెట్లుగా దిగుతుంటే
ఒక మెట్టు మీద చిన్న నిలువు గంటు:
ఇంతవరకు మాతో నడిచింది, అని.

ఆ గంటు పట్టుకుని
ఆనందపేటలో మూడు సందులు తిరిగాను.
మస్తాన్‌బీ అంటే ఆరుగురు పలికారు.
ఏడో మస్తాన్‌బీ గడప మీద కూర్చుని
స్కూలు బ్యాగులకి జిప్పులు కుడుతోంది.
రెండు మాటలకోసారి ఆగుతోంది,
కామా ఎక్కడ పెట్టాలో
ఊపిరితిత్తే చెబుతున్నట్టు.

"దగ్గు పట్టుకుంది. మేస్త్రి రావద్దన్నాడు.
నాలాగే చాలామంది మానేశారుగా,
నీకెవరూ చెప్పలేదా?"

ఎందుకు చెప్పలేదు,
ముప్పై ఏడు ఖాళీలూ చెబుతూనే ఉన్నాయి.
నేనే వాటి నోట్లో సున్నం కూరాను.
దగ్గినవాళ్లు ఇంటికి పోయారు.
దగ్గు రానివాళ్లు గోతాల దగ్గర మిగిలారు.
మిగిలినవాళ్లని కొలిచి
యార్డు చల్లగా ఉందని రాశాను.

సంచిలోంచి గొట్టం తీశాను.
ఈసారి గొంతు పెగల్లేదు.
"అరవ్వేం? నువ్వరవకపోతే రాదు నాకు."
ఊదమ్మా. ఊదు. ఊదు.
సందులో పిల్లలు చుట్టూ చేరి
నాకంటే గట్టిగా వాళ్లే అరిచారు.
ఒకటి పాయింట్ ఒకటి తొమ్మిది.
మొదటిసారి, నవ్వులో సగం పోయాక కూడా,
ఒకటి పాయింట్ తొమ్మిది.

"పాసేనా?" అంది.

తిరుగు బస్సులో సీటు లేదు.
సోమవారం గైడు గారికి చెప్పాలి:
నాలుగో అధ్యాయం పోయింది సార్,
ఇంకా ముప్పై ఆరు గడపలున్నాయి,
ఇంకో ఏడాది ఫీజుంది,
ఆ కిలో గడి కూడా మళ్లీ పెడతాను.
కుడి అరచేతిలో పెన్నుతో రాసుకున్న అంకె
చెమటకి అలుక్కుపోతుందని
పిడికిలి మూయకుండా నిలబడ్డాను.
పెదకాకాని దగ్గర సడన్ బ్రేకు వేశాడు.
పడబోయి
ఎడమ చేత్తోనే పట్టుకున్నాను.